అతను మెంబరు కాదండీ

మా ఆయన ఉద్యోగం ఓడిపోవడం. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. గుంటూరులో ఒక టెన్నిస్ క్లబ్బులో ఆయన మార్కరు. మార్కరంటే క్లబ్బు జీతమిచ్చి పెట్టుకునే ఆటగాడు. మెంబర్లలో ఎవరికైనా జోడీ దొరక్కపోతే మార్కరు ఎదురు నిలబడి ఆడాలి. ఆడి ఓడిపోవాలి. అలాగని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. కానీ డాక్టరు గారు ఆస్పత్రికీ, ప్లీడరు గారు కోర్టుకీ, కమీషన్ వ్యాపారం చేసే సెక్రటరీ గారు మిర్చి యార్డుకీ పొద్దున్నే గెలిచి వెళ్ళాలి. అప్పుడే మార్కరు మంచివాడు.

ఊరికే ఓడిపోతే ఒప్పుకోరు, అదొక విద్య. బంతి మెంబరు కుడిచేతికి, నడుమెత్తులో, మరీ వేగం లేకుండా పడాలి. ఆయన పొట్ట ఊపుకుంటూ కొడితే మా ఆయన రెండడుగులు పరిగెత్తి, అందనట్టు నిలబడి, 'అబ్బ, ఏం కొట్టారు సార్!' అనాలి. పెళ్ళికి ముందు ఈయన ప్రొఫెషనల్. మద్రాసనీ కలకత్తా అనీ టోర్నమెంట్ల వెంట రైళ్ళలో తిరిగిన మనిషి. మోకాలు దెబ్బతిన్నాక ఈ ఉద్యోగంలో చేరారు. కోర్టు వెనకాల రెండు గదులిచ్చారు. ఆ గదులు ఉద్యోగంతో వచ్చినవి, ఉద్యోగంతోనే పోతాయి. అది నాకు రోజూ గుర్తుండేది.

గుంటూరు నల్లరేగడిలో కోర్టు నిలవదు. ఎండాకాలం వస్తే నెర్రెలిస్తుంది. ఆయనే కనిగిరి వైపు వెళ్ళి ఎర్రమట్టి ఏరి, లారీల్లో తెప్పించి, తడిపి, రోలరు లాగి కోర్టు చేశారు. తెల్లవారేసరికి నేను సున్నం కలిపి ఇస్తే ఆయన గీతలు గీసేవారు. రాకెట్లకి తీగలు బిగించే పని కూడా నాదే. గట్టింగ్ అంటారు దాన్ని. మొదట్లో ఆయనే చేసేవారు. ఒకసారి ఆయన జ్వరంతో పడుకుంటే నేను చేశాను. నా చేతి బిగువు బాగుందన్నారు మెంబర్లు. అప్పటి నుంచి ఆ పని నా నెత్తిన పడింది.

తొంభైల చివర్లో క్లబ్బులో పేకాట గదికి పెద్ద టీవీ, కేబులూ వచ్చాయి. రెండువేలు దాటాక టీవీ నిండా స్పెయిన్ కుర్రాళ్ళే. మే, జూన్ నెలల్లో సాయంత్రాలు పారిస్ ఎర్రమట్టి మీద ఆటలు చూపించేవాళ్ళు. ఆ కుర్రాళ్ళు గీత వెనకెక్కడో నిలబడి, బంతిని కిందినుంచి పైకి గిర్రున తిప్పి కొట్టేవాళ్ళు. అది నేల తాకి భుజం దాకా లేచేది. మట్టిమీద జారుకుంటూ వచ్చి ఏ బంతినైనా తీసేవాళ్ళు. వాళ్ళ ముందు పెద్దపెద్ద పేరున్న ఆటగాళ్ళు రొప్పుతూ నడుం మీద చెయ్యేసుకుని నిలబడేవాళ్ళు. మా ఆయన ఆ గది గుమ్మంలో నిలబడి చూసేవారు. మార్కరు లోపల కూర్చోకూడదు కదా!

"ముప్పై రెండేళ్ళకే ముసలాడంటున్నారే టీవీలో" అన్నారు ఒకరోజు ఇంటికొచ్చి.

"మరి మిమ్మల్నేమంటారు?" అన్నాను నేను. నలభై ఆరు దాటాయి అప్పటికి. ఆయన నవ్వారు గానీ, నా నోరు పడిపోనూ, ఎందుకన్నానా అనిపించింది.

సెక్రటరీ గారికి స్పెయిన్ పిచ్చి పట్టింది. వాళ్ళబ్బాయికి ఆ ఆట నేర్పించాలి, ఊళ్ళో పిల్లలందరికీ నేర్పించాలి. ఒక ఆదివారం టిఫిన్ల దగ్గర మా ఆయన్ని పిలిచారు. నేను గట్టింగ్ చేసిన రాకెట్లు ఇవ్వడానికి వెళ్ళి వరండా మెట్ల దగ్గరే ఉన్నాను.

"చూడు మార్కరూ, తాడేపల్లి కుర్రాడొకడున్నాడు. చెన్నైలో స్పెయిన్ కోచ్ దగ్గర నేర్చుకున్నాడంట. కోచ్‌గా వాణ్ణి పెడదామనుకుంటున్నాం. ఇద్దర్ని పెట్టుకునే స్తోమత క్లబ్బుకి లేదు. మార్కరనే మాటే పాతదైపోయిందయ్యా. నువ్వేమీ అనుకోమాక."

ఏమీ అనుకోవద్దట! నా ఒళ్ళు భగ్గుమంది. ఈయన మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎప్పటిలాగే 'అలాగే సార్' అంటారనుకున్నాను. అనలేదు.

"ఒక్క మ్యాచ్ ఆడనివ్వండి సార్ ఆ అబ్బాయితో. నేను ఓడిపోతే గదుల తాళాలు మీ చేతికిచ్చేస్తాను. గెలిస్తే నన్ను ఉండనివ్వండి."

ప్లీడరు గారు బల్ల మీద చరిచి, "భలే! నేను అంపైరింగ్ చేస్తా" అన్నారు. వాళ్ళకది వినోదం. మాకు ఇల్లు.

ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. రోహిణి కార్తె. పొద్దున తొమ్మిదింటికే గచ్చు మీద కాలు పెట్టలేం. ఆయన తెల్లవారుజామునే లేచి కోర్టు చుట్టూ పరిగెత్తేవారు. వచ్చి చాప మీద పడితే మోకాలికి ఆముదం రాస్తూ నేను తిట్టేదాన్ని.

"ఎందుకండీ ఈ వేషాలు? కాళ్ళు పట్టుకుంటే ఇంకో ఏడాది ఉండనిచ్చేవాళ్ళేమో."

"కాళ్ళు పట్టుకుని ఓడిపోవడం రోజూ ఉన్నదేగా" అన్నారు.

మ్యాచ్ ముందురోజు సాయంత్రం ఆ అబ్బాయే మా గుమ్మంలోకి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. మెడలో తువ్వాలు, చేతిలో తీగ తెగిన రాకెట్టు.

"ఆంటీ, విజయవాడలో ఎవరూ సరిగ్గా బిగించట్లేదు. గుంటూరులో మీరే బాగా చేస్తారన్నారు. రేపటికి కావాలండీ."

ఆంటీ! నా కొంప కూల్చడానికి వచ్చినవాడు, నా చేత్తోనే కత్తి నూరించుకోవడానికి వచ్చి, పైగా ఆంటీ! విసురుగా లాక్కుని మిషనుకి బిగించాను. ఒక్కమాట చెబుతాను. ఆ తీగ ఎంత లాగాలో నాకు తెలుసు, ఎంత వదిలితే బంతి ఎక్కడ పడుతుందో కూడా తెలుసు. వేళ్ళు తీగ మీద పెట్టుకుని కాసేపు అలాగే ఉన్నాను.

మా ఆయన లోపలికొచ్చారు. రాకెట్టు ఎవరిదో చూడగానే తెలిసిపోయింది.

"బిగువేం తగ్గించకు" అన్నారు మెల్లగా.

"నాకు నేర్పుతున్నారా మీరు?" అని కసిరాను. ఆ కోపంతోనే గట్టిగా, నేను ఎప్పుడూ వేయనంత బాగా వేశాను. ఆయన అరచేత్తో తీగల మీద తట్టి చూసి, ఆ అబ్బాయి చేతికిచ్చారు. "థాంక్యూ సార్" అన్నాడు వాడు. ఆ క్లబ్బులో మా ఆయన్ని సార్ అని పిలిచిన మొదటివాడు వాడే. అది కూడా నాకు కోపంగానే ఉంది.

ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టారు. మెంబర్లంతా వరండాలో కుర్చీలేసుకున్నారు. నేను మా గదుల వైపు కంచె పట్టుకుని నిలబడ్డాను. మూడు సెట్లలో రెండు గెలిచినవాళ్ళది ఆట.

మొదటి సెట్టు చూడలేకపోయాను. టీవీలో చూసిన ఆటే అది. బంతి గిర్రున తిరుగుతూ వచ్చి మా ఆయన భుజం దాకా లేస్తోంది. ఆయన వెనక్కి వెనక్కి పోతున్నారు. ఆ సెట్టు పోయింది.

రెండో సెట్టులో ఈయన తెలివి తెచ్చుకున్నారు. బంతిని కోసి నేలబారుగా పంపడం మొదలుపెట్టారు. ఎర్రమట్టి మీద అది లేవకుండా జారిపోతోంది. ఆ అబ్బాయి వంగి తీయాల్సి వస్తోంది. వాణ్ణి ముందుకి లాగడం, నెత్తి మీదుగా వేయడం, మళ్ళీ ముందుకి లాగడం. "ఓరినీ! మార్కరుకి ఇంత ఆట ఉందా?" అన్నారెవరో వరండాలో. ఆ సెట్టు మాదయింది.

మూడో సెట్టుకి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన బనీను ఒంటికి అతుక్కుపోయింది. మోకాలు ఈడుస్తున్నారని నాకొక్కదానికే తెలుస్తోంది. అయినా ఐదు నాలుగుతో ముందున్నారు, సర్వీసూ ఈయనదే. ఆ గేమ్‌లో ఇంకొక్క పాయింటు వస్తే చాలు, మా రెండు గదులు మాకుంటాయి. కంచె తీగ నా అరచేతిలో దిగబడుతోంది, అయినా వదల్లేదు.

సర్వీసు చేసి నెట్టు దగ్గరికి పరిగెత్తారు. ఆ అబ్బాయి ఎలాగో బంతి తీసి ఒక మూలకి తూలిపోయాడు. బంతి గాల్లో తేలుతూ వచ్చింది. ఎదురుగా కోర్టంతా ఖాళీ. సరిగ్గా అప్పుడే సెక్రటరీ గారు వరండాలోంచి ఉత్సాహంగా అరిచారు, "కొట్టు మార్కరూ!"

ఆయన కొట్టారు. మెత్తగా, నడుమెత్తులో, ఆ అబ్బాయి కుడిచేతికి.

వాడికే నమ్మకం కలగలేదు పాపం, ఒక క్షణం ఆగి, పక్కనుంచి కొట్టేశాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఈయన కాలు జారిందనుకున్నారు. మళ్ళీ గెలుపుకి ఒక్క పాయింటు దూరం దాకా వచ్చారు. మళ్ళీ నెట్టు దగ్గరికి. మళ్ళీ తేలిక బంతి. "మార్కరూ!" అన్నారెవరో. మళ్ళీ అదే, మెత్తగా, కుడిచేతికి.

ఆ బంతి నాకు తెలుసు. అది డాక్టరు గారికి పంపే బంతి. ప్లీడరు గారికి పంపే బంతి. ఇన్నేళ్ళుగా 'మార్కరూ' అన్న పిలుపు వినబడగానే ఆయన చేయి ఆ పనే చేస్తోంది. గెలుపు దగ్గరికి రాగానే ఎదుటివాడి చేతిలో పెట్టేయడం ఆ చేతికి అలవాటైపోయింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. కంచె ఊపేస్తూ అరిచాను.

"ఏవండీ! అతను మెంబరు కాదండీ!"

వరండా ఘొల్లుమంది. ఒకళ్ళిద్దరు నవ్వలేదు. సెక్రటరీ గారు నవ్వలేదు. మా ఆయన ఆగిపోయి నా వైపు చూశారు. తర్వాత తన కుడిచేతి వైపు చూసుకున్నారు. ఆ చేతిని నిక్కరుకి గట్టిగా తుడుచుకుని వెళ్ళి సర్వీసుకి నిలబడ్డారు.

ఆ తర్వాత చూసిన మనిషిని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. బహుశా పెళ్ళికి ముందు మద్రాసులో ఆయన అలాగే ఆడి ఉంటారు. ఖాళీ ఎక్కడుంటే అక్కడికి, జాలి లేకుండా కొడుతున్నారు. ఆ అబ్బాయి జారుకుంటూ, పడుతూ లేస్తూ తీస్తున్నాడు. కానీ ఆ గేమ్ చేజారిపోయింది, కాలు కూడా సహకరించడం లేదు. ఐదు ఐదయింది. ఐదు ఆరయింది. తర్వాతి గేమ్‌లోనూ ఈయన వెనకబడ్డారు, ఇప్పుడు ఆ అబ్బాయికి ఒక్క పాయింటు చాలు.

ఎంతసేపు కొట్టుకున్నారో. చివరికి ఆ అబ్బాయి కొట్టిన బంతి వెనక గీత మూలన పడి దుమ్ము లేచింది.

"అవుట్!" అన్నారు ప్లీడరు గారు పై కుర్చీలోంచి.

నేను ఊపిరి వదిలాను. ఆ అబ్బాయి తల ఊపి తన చోటుకి వెళ్ళిపోతున్నాడు. వరండాలో చప్పట్లు. సెక్రటరీ గారు కూడా కొడుతున్నారు, నిజంగానే. మా ఆయన మాత్రం వెనక గీత దగ్గరికి నడిచి వెళ్ళారు. వంగి చూశారు. రాకెట్టు కొసతో మట్టిలో ఒక సున్న చుట్టారు.

"లోపలే పడింది సార్. గీత తాకింది."

"నేను అవుటన్నాను కదయ్యా" అన్నారు ప్లీడరు గారు.

"లోపలే సార్" అన్నారు ఈయన. నెట్టు దగ్గరికి వెళ్ళి ఆ అబ్బాయికి చేయి అందించారు.

మళ్ళీనా? మళ్ళీ ఆ పాడు అలవాటేనా? ఎదుటివాణ్ణి గెలిపించకపోతే ఈ మనిషికి నిద్ర పట్టదా? మా ఇల్లు కూడా ఎవడి కుడిచేతిలోనో పెట్టేశాడా? నిలువునా మండిపోయాను. మెంబర్లు చూస్తున్నారని కూడా చూడకుండా, చెప్పులు విడిచి, కంచె తలుపు తోసుకుని కోర్టులోకి పోయాను.

ఆ సున్న దగ్గర చతికిలబడి కూర్చున్నాను. ఎర్రమట్టిలో బంతి అచ్చు స్పష్టంగా ఉంది. దాని అంచు గీత మీదికి ఎక్కింది. పొద్దున నేను కలిపి ఇచ్చిన సున్నం అంతమేర లేచిపోయి, పొడి బయటికి చిమ్మి ఉంది. వేలు పెట్టి చూశాను. తెల్లగా అంటుకుంది.

కాస్త కూడా అబద్ధం లేదు. నిజంగానే ఓడిపోయారు.

మెంబర్లు ఆ అబ్బాయి భుజాల మీద చేతులేసి టిఫిన్లకి తీసుకెళ్ళిపోయారు. మా ఆయన తాళాల గుత్తి సెక్రటరీ గారి బల్ల మీద పెట్టి వచ్చి, రోజూలాగే తడి గోనెపట్టా లాగుతూ కోర్టు మీది గుర్తులన్నీ చెరపడం మొదలుపెట్టారు. నేనింకా అక్కడే కూర్చుని ఉన్నాను. పట్టా నా దగ్గరికి వచ్చి ఆగింది.

"లేవే. అది కూడా చెరపాలి."

"అబద్ధం చెప్పారేమోనని చూడ్డానికొచ్చాను" అన్నాను.

"నాకూ అదే భయం వేసింది. అందుకే రెండుసార్లు చూశాను" అన్నారు. మొహమంతా మట్టి, చెమట. "నిజంగా ఓడిపోయి ఎన్నేళ్ళయిందే!"

ఆ మాటకి నేను భోరుమన్నాను. ఆయన నవ్వుతున్నారు. చెయ్యి పట్టి నన్ను లేపి, ఆ గుర్తు మీదుగా పట్టా లాగేశారు.