ఈల పలికే సందు

మక్తల్‌లోని నా పళ్ల దవాఖానలో పైపులకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు ఎప్పుడూ ఉంటుంది. విరిగిన పన్ను కట్టేటప్పుడు పక్క పంటికి ఆ టేపు చుడితే, పూసే మందు దానికి అంటుకోదు. శుద్ధి చేసే వాడతాను. అయినా దాన్ని చూసిన ప్రతి రైతూ "గిది బోరు పైపులకు సుట్టేది గదా" అని నా చదువునే అనుమానిస్తాడు.

ఒకరోజు ఒక గొర్రెల కాపరి వచ్చాడు. పొట్టేలు కుమ్మి ముందుపన్ను సగం విరిగింది. నొప్పి ఉందా అని అడిగాను.

"నొప్పి కాదు బిడ్డా, ఈల వస్తలేదు. ఈల లేకుంటె మంద నా మాట ఇంటలేదు. గిప్పుడు మా ఇంటామె తోలుకపోతాంది. నేను ఇంట్ల కూసుంటున్న."

ఇల్లు కాలిపోయినంత దిగులుగా చెప్పాడు.

పక్క పంటికి పలచగా టేపు చుట్టి, గంటసేపు కూర్చుని ముత్యంలాంటి పన్ను కట్టాను. టేపు లాగేసి గర్వంగా అద్దం చేతికిచ్చాను. ఆయన దాన్ని పక్కన పెట్టి గాలి ఊదాడు. ఫుస్సుమంది.

"సందు మూసినవు గద బిడ్డా!"

ఆ రెండు పళ్ల మధ్య ముందు నుంచీ సందు ఉండేదట. ఈల పలికేది అక్కడేనట. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా సందులు మూయమనే వస్తారు. నాకు ఒళ్లు మండింది.

"కాకా, గంటసేపు కష్టపడ్డ!"

"నువ్వు కష్టపడ్డవని గొర్లకు ఎట్ల తెలుస్తది?"

అంచు అరగదీసి, సందు మిగిలేలా టేపు మందంగా మడిచి చుట్టి మళ్లీ కట్టాను. ఈసారి కుక్కర్ ఆవిరి చప్పుడు వచ్చింది. ఒక మడత తగ్గించి ఇంకోసారి కట్టాను. అప్పుడు వచ్చింది చూడండి ఈల, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

ఆయనకు మాత్రం నమ్మకం కుదరలేదు. భార్యకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మంద దగ్గర పట్టుకొమ్మన్నాడు. గట్టిగా ఈల వేశాడు. అవతల చడీచప్పుడు లేదు. పరీక్ష ఫలితం కోసం నిలబడ్డట్టు నేనూ ఫోన్ మీదికి వంగాను. అంతలో అరుపులు, గిట్టల చప్పుడు, ఆమె కేక.

"ఓ అయ్యో, ఆపు! అన్నీ ఫోను మీదికే ఉరికొస్తున్నయి!"

కాపరి తువ్వాల కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. "నన్ను మర్సిపోలే బిడ్డా" అన్నాడు. అంతసేపూ విసుక్కున్న నాకూ ఏడుపొచ్చింది.

ఫోన్‌లో ఆమె ఇంకా అరుస్తూనే ఉంది. "యాడున్నవు? జల్ది రా! ఇవి నిన్నే దేవులాడుతున్నయి!"