బావ ఇస్త్రీ చేసిన వానపట్టా

మా బావది ఇస్త్రీ కొట్టు. ముప్పై ఏళ్లలో ఒక్క గుడ్డ కూడా కాల్చలేదు. ఆ మాట తను చెప్పడు, వచ్చినవాళ్ల చేత చెప్పిస్తాడు. నలిగిన చొక్కాతో ఎదురుపడితే సొంత బావమరిదినైనా గుర్తుపట్టడు. అందుకే అక్కను చూడాలనిపిస్తే నేను బనియన్ మీదే వెళ్తాను.

వాళ్లమ్మాయి, అంటే నా మేనకోడలు, ఆసుపత్రిలో నర్సు. సెలవు దొరికితే చాలు, అడవిలో రెండు చెట్ల మధ్య ఊయల కట్టుకుని పడుకుంటుంది. ఈసారి తండ్రిని కూడా తీసుకెళ్తానంది. కొట్టు వదిలి ఒక్కరోజైనా కదలని మనిషి సరేనన్నాడు. నేను రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను.

ప్రయాణానికి ముందురోజు అది సామాను మా ముందు పరిచింది. రెండు ఊయలలు, చెట్లకు చుట్టే పట్టీలు, పైన కట్టే పల్చటి నైలాన్ వానపట్టా.

"నాన్నా, ఇవి మడతపెట్టకూడదు. బాగా ఆరాక సంచిలో కుక్కెయ్యాలి. తడిగా దాస్తే బూజు పడుతుంది. మడతపెడితే ఎప్పుడూ అదే గీత దగ్గర నలిగి చిరుగుతుంది."

చెప్పడమే కాదు, వానపట్టాను గుప్పెళ్లతో కుక్కి చూపించింది. బావ నావైపు చూశాడు. పరాయివాళ్ల పిల్లను కొడుతుంటే చూడలేనివాడి ముఖం అది.

"ముడతలు పడవూ?"

"చెట్లేమీ అనుకోవులే నాన్నా," అని డ్యూటీకి వెళ్లిపోయింది.

పిల్ల వీధి మలుపు తిరిగిందో లేదో, పట్టా బల్ల మీదికొచ్చింది. వద్దు బావా అన్నాను. "గోరువెచ్చగానే లేరా," అన్నాడు. రెండు వరసలు నున్నగా వచ్చాయి కూడా. మూడో వరసలో, "అక్కడ పొద్దున్నే పిట్టలు లేపుతాయటరా," అంటూ కిటికీలోంచి చూశాడు. చెయ్యి ఆగింది. కమురు వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె ఎత్తేసరికి పట్టా నడుమ పెట్టె ఆకారంలోనే కన్నం.

బావ స్టూలు మీద కూలబడ్డాడు. "నేను రానని చెప్పరా. కొట్టులో పనుందని చెప్పు."

నాకు ఒళ్లు మండింది. "ఆ రెండు రోజుల సెలవు కోసం అది నాలుగు డబుల్ డ్యూటీలు చేసింది. నువ్వే చెప్పుకో," అన్నాను.

సాయంత్రం అది వచ్చింది. బావ పట్టా చేతికిచ్చి, "కాల్చానమ్మా. నేను రాను," అన్నాడు. అది కన్నంలో చెయ్యి దూర్చి అటూ ఇటూ ఆడించింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. బ్యాగులోంచి గాయాలకు వేసే వెడల్పాటి ప్లాస్టర్ తీసి, రెండు వైపులా అతికించడం మొదలుపెట్టింది.

"ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా కాలేదు కదా నాన్నా. ఇవాళ పరధ్యానంగా ఉన్నావా? రావడం ఇష్టం లేకనా?"

బావ ప్లాస్టర్ అంచు లేస్తే వేలితో అదిమాడు.

"ఎక్కడికైనా వెళ్లాలనుకోవడం రోజూ ఉన్నదేనమ్మా. అయినా చెయ్యి ఎప్పుడూ ఆగేది కాదు," అన్నాడు. "నిజంగా వెళ్తున్నానని ఇవాళే అనిపించింది."