సమ్మె రోజుల్లో బిగించిన వంటగది

2011వ సంవత్సరం. నల్లగండ్లలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో నేను ఇంటింటికీ వెళ్లి వంట చేసేదాన్ని. మాది పాలమూరు. మా ఆయన ఆ గేటు దగ్గరే సెక్యూరిటీ. ఎన్నో వంటగదులు చూశాను గానీ, నర్సు సునీత మేడం వాళ్ల వంటగదిలా నన్ను భయపెట్టింది మరొకటి లేదు.

వాళ్లది భీమవరం వైపు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోతే, రెండేళ్ల పాపను అత్తగారు చూసుకునేది. వాళ్లు కొత్తగా మాడ్యులర్ కిచెన్ పెట్టించుకున్నారు. అంటే ఫ్యాక్టరీలో చేసిన పెట్టెల్ని తెచ్చి గోడకు బిగిస్తారు. బిగించిన రోజు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. జనరేటరు లిఫ్టుకూ మెట్ల లైట్లకూ మాత్రమే. పనివాళ్లు చీకటి పడకముందే ముగించుకుని వెళ్లారు. కిచెన్ కంపెనీ ఓనరు వచ్చి, తలుపులు తీసి వేసి చూపించి, పదేళ్ల గ్యారంటీ అన్నాడు. వంటమనిషినని చూడకుండా నాకూ నమస్కారం పెట్టాడు.

కొన్నాళ్లకు మొదలైంది. పొద్దున నేను పోయేసరికి పైపెట్టెల తలుపులన్నీ తెరిచి ఉండేవి. వాటికి సాఫ్ట్ క్లోజ్ బందులు, అంటే తలుపు చప్పుడు లేకుండా మెల్లగా మూసుకుంటుంది. అలాగే చప్పుడు లేకుండా తెరుచుకోవడం కూడా మొదలుపెట్టింది. ఉల్లిగడ్డ తరుగుతూ ఉంటే మెడ వెనక ఏదో కదిలినట్టయ్యేది. తిరిగి చూస్తే ఒక తలుపు నిదానంగా తెరుచుకుంటూ ఉండేది. కిటికీలు మూసే ఉండేవి, గాలి లేదు.

అత్తగారు ఒక రోజు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అన్నది: "ఈ ఇంట్లో మనతోపాటు ఇంకెవరో వంట చేసుకుంటున్నారే, యాదమ్మా."

పాస్టరు గారిని పిలిపించారు. ఆయన వంటగదిలో నిలబడి ప్రార్థన చేసి ఆమెన్ అన్నాడో లేదో, ఆయన తల మీది తలుపు మెల్లగా తెరుచుకుంది. కాఫీ కలిపి ఉంచాను, తాగకుండానే వెళ్లిపోయాడు. అంతకుముందు అత్తగారు ఆ పెట్టెల కిందే చాప పరిచి పాపకు అన్నం పెట్టేది. ఆ రోజు నుంచి పాపను వంటగది గడప తొక్కనివ్వలేదు. ఇలాగే ఉంటే పాపను తీసుకుని భీమవరం వెళ్లిపోతానన్నది. ఆమె పోతే మేడం ఉద్యోగం మానుకోవాలి, మానుకుంటే ఇంటి లోను కట్టేదెట్లా?

మేడం నన్ను అడిగింది. "నిజం చెప్పు యాదమ్మా, నీకు భయం లేదా?"

"భయమైతది మేడం. గని అన్నం ఉడకాలె గదా."

కంపెనీకి ఫోను చేస్తే మోగేది, ఎత్తేవాళ్లు లేరు. ఊరంతా షట్టర్లు మూసే ఉన్నాయి కదా, సమ్మె అయ్యాక ఎత్తుతారులే అనుకున్నాం. సమ్మె అయిపోయింది, ఎత్తలేదు. ఒక ఆదివారం ఇద్దరం ఆటోలో కూకట్‌పల్లి పోయాం. ఆ వరసలో దుకాణాలన్నీ తెరిచారు, వీళ్లదొక్కటే మూసి ఉంది. మేడం సెల్లు తీసి నంబరు నొక్కింది. షట్టరు వెనక ఫోను మోగింది. ఆపితే ఆగింది, మళ్లీ నొక్కితే మళ్లీ మోగింది. లోపల చీకట్లో ఎవరో కూర్చుని, వింటూ కూడా ఎత్తడం లేదనిపించి నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

పక్కన టీ కొట్టతను అన్నాడు: "ఆంధ్రాయన గదా, లొల్లికి భయపడి పోయిండంటున్నరు."

మేడం తల వంచుకుంది. "మా మేడం గూడ ఆంధ్రానే. పోయిందా మరి?" అన్నాను. అతను నవ్వి, వెనక గల్లీలోనే ఓనరు ఇల్లున్నదని చూపించాడు. తలుపు తీసిన ఆయన భార్య మర్యాదగానే మాట్లాడింది. "కంపెనీయే లేదు కదండీ, ఇంక మేమేం చేస్తాం?" అన్నది. ఆ మాట నమ్మి మేము తిరిగొచ్చేశాం.

తర్వాతి వారమే పడ్డాయి. నేను గిన్నెలు ఆరేసి బాల్కనీ నుంచి వస్తున్నాను. గోడ కూలినంత చప్పుడు. పైపెట్టెలన్నీ ఒక్కసారిగా ఊడి, పాపకు అంతకుముందు చాప పరిచిన చోటే పడ్డాయి. గోడ మీద ఒక్క రంధ్రం లేదు. ఎండిన గమ్ము ముద్దలు, వాటి చుట్టూ అరచేతుల గుర్తులు. వేళ్లతో సహా, వరసగా, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా. గోడ లోపలి నుంచి ఎవరో బయటికి నెట్టినట్టున్నాయి.

అత్తగారు పాపను ఎత్తుకుని గుమ్మంలోనే ఉండిపోయింది. కరెంటు లేక డ్రిల్లు ఆడక, పనివాళ్లు గోడకు అరచేతులతో గమ్ము అదిమి, దాని మీదే పెట్టెలు అంటించి పోయారని మాకు అప్పుడు అర్థమైంది. పెట్టెలు రోజూ కొంచెం ముందుకు ఒరుగుతూ వచ్చాయి, అందుకే తలుపులు తెరుచుకున్నాయి. దయ్యం లేదు. కానీ అత్తగారు దయ్యానికి భయపడకపోయి ఉంటే ఆ చాప మీద పాప ఉండేది.

నేను చీపురు తెస్తుంటే మేడం ఆపింది. ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసింది. ఆసుపత్రిలో ఎవరో ఆమెకు వినియోగదారుల ఫోరం సంగతి చెప్పారు. కొన్నవాళ్లకు అన్యాయం జరిగితే వినే కోర్టు అది. వకీలు లేకపోయినా మనమే వెళ్లొచ్చు, రెండేళ్లలోపు వెళ్లాలి. కంపెనీ పేరు ఒక్కటే రాస్తే నోటీసు మూసిన షట్టరు దాకా పోయి తిరిగొస్తుందని, ఓనరు పేరూ ఇంటి అడ్రసూ కూడా రాసింది. ఆయన రాక తప్పలేదు. సమ్మె వల్ల మునిగిపోయామన్నాడు. ఫోరం వాళ్లు ఫోటోలు చూశారు, నన్నూ అడిగారు. దుకాణం మూసినంత మాత్రాన చేసిన పనికి బాధ్యత పోదని, తీసుకున్న డబ్బు తిరిగి ఇమ్మని తీర్పు చెప్పారు.

తీర్పు విని వరండాలోకి వచ్చాం. ఓనరు అక్కడే బెంచీ మీద కూర్చుని, స్లాబు కారుతోందని కేసు వేసిన ఒక పెద్దాయనకు కార్డు ఇస్తున్నాడు. కార్డు మీద కొత్త కంపెనీ పేరు. మమ్మల్ని చూసి, మొదటి రోజు లాగే, అంతే నిండుగా నవ్వి, "బాగున్నారా అమ్మా" అన్నాడు. కోపం లేదు, సిగ్గు లేదు. ఆ నవ్వు చూస్తే నాకు షట్టరు ముందు పట్టిన భయమే మళ్లీ పట్టింది.

మేడం పెద్దాయన దగ్గరికి పోయింది. "కార్డు మీద పేరుతో పని కాదండీ. ఈయన సొంత పేరు, ఇంటి అడ్రసు రాయించుకోండి. గోడకు మేకు దిగేటప్పుడు పక్కనే నిలబడండి" అన్నది.

ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది కూడా అదే. ఏ ఇంట్లో ఏ పని మొదలైనా ఆ మాటే చెబుతాను.

పెద్దాయన కార్డు వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి, "చెప్పు నాయనా, నీ పేరేంది?" అని అడిగాడు.

ఓనరు నవ్వు అప్పుడు ఆగింది.