బాబాయి అనని మాట

గురజాలలో నేనూ, నా స్నేహితుడూ రెండు వేర్వేరు పేపర్ల విలేకరులం. తిరిగే బండి మాత్రం ఒక్కటే. నాకు ఈ పని నేర్పింది అతనే. ఒకసారి నేను ఓ రైతు మాటకు కాస్త సొగసులద్ది రాస్తే ఆ లైను కొట్టేశాడు.

"కొటేషన్లో పెట్టే మాట మనిషి నోట్లోంచి రావాలిరా, మన జేబులోంచి కాదు" అన్నాడు.

తర్వాత పిల్లల చదువులు మీదపడ్డాయి. అతను ఒక విత్తనాల కంపెనీలో పీఆర్వోగా చేరాడు. నేను తప్పు పట్టను. అచ్చయిన లైన్లకు పేపరిచ్చే డబ్బు మా బండి పెట్రోలుకే చాలేది కాదు.

అప్పట్నుంచీ మా పని సులువైంది. కంపెనీ మీటింగు ముగియకముందే వార్త హెడ్డింగుతో సహా అతని నుంచి వాట్సాప్‌లో వచ్చేది. తెల్లారితే అన్ని పేపర్లలో అవే అక్షరాలు. వండి వడ్డిస్తుంటే పొయ్యి వెలిగించేదెవరు?

ఒక ఏడు ఆ కంపెనీ తన విత్తనం వేసిన మా బాబాయి మిరప చేలో రైతుల మీటింగు పెట్టింది. మా ఊళ్లో బాబాయి మాటంటే మాటే. గట్టు తగాదా వచ్చినా, కొత్త మందు కొట్టాలన్నా ముందు ఆయన్నే అడిగేవారు. ఆరోజు మైకు ముందు ఆయన అన్నది ఇంతే: "చెట్టు ఏపుగానే ఉంది. కాయ సంగతి కోతలప్పుడు చెప్తా." నేను అదే రాసి పంపాను.

మర్నాడు మా పేపర్లో బాబాయి ఫొటో కింద ఇలా ఉంది: "ఈ విత్తనంతో మా కష్టాలు తీరాయి. రైతులంతా ఇదే వేసుకోవాలి." నేను రాసింది పక్కన పడేసి, కంపెనీ యాడ్‌తో పాటు నా స్నేహితుడు పంపిన ప్రెస్‌నోటునే పేపరాఫీసులో వార్తలు దిద్దే డెస్కు వాడుకుంది. నాకు ఒళ్లు మండి అతనికి ఫోన్ చేశాను.

"బాబాయికి మంచి పేరేగా వచ్చింది, ఎందుకురా అంత కోపం?" అని నవ్వాడు.

బాబాయి కనపడ్డవాళ్లందరికీ తను అలా అనలేదని చెప్పాడు. గొప్పలు చెప్పుకోని మనిషి కదా అని మురిసిపోయారే గానీ ఒక్కరూ నమ్మలేదు. మరుసటి ఏడు ఊళ్లో సగంమంది ఆ విత్తనమే వేశారు. ఆకులు ముడుచుకుపోయి, కాయ నిలవలేదు.

"నువ్వు చెప్తేనే గదా మావా ఏసింది! ఇప్పుడు అనలేదంటే ఎట్టా?" అని ఇంటి మీదికొచ్చారు.

బాబాయి అసలు ఏమన్నాడో మళ్లీ రాసి పంపాను. కంపెనీ వివరణ కూడా కావాలంది డెస్కు. చివరికి అచ్చయింది ఆ వివరణ ఒక్కటే. సాగు పద్ధతులు సరిగా పాటించని రైతులకే నష్టం వచ్చిందట. మంచి తెలుగు, దిద్దడానికి ఒక్క అక్షరం లేదు. అది నాకు పని నేర్పినవాడి రాతేనని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. పంట పోయినదానికంటే నాకు అదే ఎక్కువ బాధ. తిలా పాపం తలా పిడికెడు అంటారు. పంచుకున్నవాళ్లం బాగానే ఉన్నాం.

మొన్న నేను బాబాయి ఇంట్లో ఉండగా, ఊరికి కొత్తగా కౌలుకొచ్చిన ఒకామె వచ్చింది.

"పెద్దాయనా, ఈసారి పత్తి ఏ రకం ఏస్తే మంచిదంటావు?"

బాబాయి నావైపు చెయ్యి చూపించాడు.

"వాణ్ణడుగమ్మా. నేనేం చెప్తానో వాళ్లే రాస్తారు."