తొలి కొబ్బరికాయ డిస్కు

వన్ టౌన్‌లో మా తాతగారి గోదాములు ఇప్పుడు ఎవరెవరివో అయ్యాయి. మేము అదే వీధిలో మేడ మీద అద్దె వాటాలో ఉంటున్నాం. మా ఇంటికి మిగిలింది ఒక్కటే, వీధి అమ్మవారి పండగలో తొలి కొబ్బరికాయ కొట్టే హక్కు. నాన్నగారు పోయాక పండగ కొన్నేళ్లు ఆగిపోయింది. ఈ ఏడు కొత్త కమిటీ వచ్చింది. సముద్రం ఒడ్డున ఉండే చేపలవాళ్ల కుటుంబం ఒకటి ఆ హక్కు తమదంటోందట. ఆధారం ఉంటే ఆదివారం మీటింగుకి తెమ్మన్నారు.

మమ్మల్ని ఆధారం అడగడమే అవమానం. అయినా ఉంది. నాన్నగారు కాయ పట్టుకుని నడిచిన పండగ వీడియో, ఒక డిస్కులో.

శనివారం పొద్దున్నే పాత కంప్యూటర్ దుమ్ము దులిపి డిస్కు పెట్టాను. గుర్రుమంది, ఆగింది, మళ్లీ గుర్రుమంది. డిస్కు పెట్టండి అని తెర మీద అక్షరాలు వచ్చాయి. పెట్టిన మనిషినే పెట్టమనే యంత్రాన్ని ఏమనాలి? తీసి పెట్టాను. ఆపి మళ్లీ ఆన్ చేసి పెట్టాను. పది గంటలకి ట్రే బయటికి రావడం కూడా మానేసింది.

మల్కాపురం నుంచి మా బావమరిది వచ్చాడు. పోర్టులో పని. లోకంలో ఉన్న ప్రతి యంత్రమూ తనకి తెలుసనుకుంటాడు.

"ఏటి బావా, పొద్దున్నుంచి దాంతో కుస్తీ పడతన్నావంట?"

ట్రే కింద ఉన్న చిన్న కన్నంలో పేపర్ క్లిప్పు సాగదీసి గుచ్చాడు. ట్రే బయటికొచ్చింది. కేబుల్ ఊడదీసి బిగించాడు. లెన్సు దూదితో తుడిచాడు. చివరికి స్కూటర్ డిక్కీలోంచి పాటల డిస్కు తెచ్చి వేశాడు. ఆ పాటలు వీధి చివరిదాకా మోగాయి.

"మిషన్ బాగానే ఉంది. నీ డిస్కే పాడైపోనాది."

"మా డిస్కు పాడవదు. ఇన్నేళ్లూ దేవుడి గదిలో ఉంది. నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు."

"అయితే నువ్వే పాడుసేసుంటావు."

అలాంటి మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

మధ్యాహ్నం ఎండలో ఇద్దరం ఆటోనగర్ వెళ్లాం. అక్కడ పాత కంప్యూటర్లు బాగుచేసే ఒక పెద్దమనిషి డిస్కుని వెలుగులో పెట్టి, అటూ ఇటూ వంచి చూశాడు.

"బాబూ, దీనికి బొట్టెట్టినారేటి?"

"ఏటా దసరాకి. ఆయుధపూజలో."

"ఏ పక్క?"

"మొహం పక్క."

"మెరిసే పక్కా?"

"మెరిసేదే మొహం కదా."

ఆయన నవ్వలేదు. బావమరిది మొహం తిప్పుకుని రోడ్డు మీది లారీలు చూస్తున్నాడు.

"మిషన్ సదివేది ఆ పక్కే బాబూ. మజ్జిలో కన్నం సుట్టూరా గంధం అట్టకట్టేసింది. లోపల ఏటుందో ముందుగా రాసుండేది అక్కడే. అది అందకపోతే మిషన్‌కి డిస్కు లేనట్టే. మరి ఈ గీతలేటి?"

"పూజకి ముందు నాన్నగారి జరీ కండువాతో తుడుస్తాను."

"గుండ్రంగానా?"

"గుండ్రంగానే."

ఆయన నిట్టూర్చి, సబ్బునీళ్లతో డిస్కు కడిగాడు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచాడు. రెండు డ్రైవులు దాన్ని ఒప్పుకోలేదు. మూడోదానిలో నాన్నగారు కనిపించారు. గుడి గడప ముందు కాయ కళ్లకద్దుకోబోతుండగా మొహం చదరాలు చదరాలుగా విడిపోయి ఆగిపోయింది. నాకు చేతనైతే ఆ డ్రైవుని ఎత్తి రోడ్డు మీదికి విసిరేసేవాణ్ణి.

నాలుగోది బరువైన పాత డ్రైవు. నెమ్మదిగా తిరిగింది. నాన్నగారు కాయ కళ్లకద్దుకున్నారు. పక్కన బనియనుతో నిలబడిన ఆ చేపలవాళ్ల ఇంటి ముసలాయన చేతికి ఇచ్చారు. కాయ కొట్టింది ఆయన. నాన్నగారు చేతులు జోడించి పక్కకి జరిగారు.

మళ్లీ వేయమన్నాను. మళ్లీ అదే.

ఆ రోజు నేను జనం వెనక ఉన్నాను. కాయ పగిలిన చప్పుడే విన్నాను. మిగతాదంతా ఇంట్లో చెప్పుకున్నది. వీడియో తీసినాయన ఇచ్చిననాడే డిస్కుని దేవుడి గదిలో పెట్టేశాం, ఎప్పుడూ వేసి చూడలేదు.

"కొట్టింది ఆ ముసిలాయన బావా," అన్నాడు బావమరిది. గొంతులో ఎగతాళి లేదు.

"పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించమంటారా బాబూ?"

"రెండింటిలోకి ఎక్కించండి. ఒకటి కమిటీకి, ఒకటి ఆ ముసలాయన ఇంటివాళ్లకి."

తిరిగి వస్తుంటే బావమరిది స్కూటర్ మీంచే అన్నాడు. "నువ్వు సూపించకపోతే ఎవులడుగుతారు బావా? డిస్కు పాడైపోనాదంటే సరిపోద్ది."

"నేను చూశాను కదా," అన్నాను.

ఆదివారం కమిటీ ముందు ఆ వీడియో నేనే వేశాను. వాళ్ల కంప్యూటర్ మూడుసార్లు పెడితేగాని పెన్ డ్రైవ్‌ని గుర్తుపట్టలేదు. నాకు కుర్చీ వేశారు. ఆ కంప్యూటర్ పలికేదాకా నిలబడే ఉన్నాను.