దూడ కాలెముక

మాచర్లలో నరసరావుపేట బస్సు ఎక్కి కూర్చున్నాక కూడా మొహం మాడ్చుకునే ఉన్నాను. కృష్ణ ఒడ్డున దొరికిన కాలెముక దూదిలో చుట్టి నా ఒళ్లో ఉంది. ఎప్పుడో అంతరించిపోయిన అడవి పశువుది. ఎముక పొడవూ మందమూ కొలిస్తే ఏ జాతిదో చెప్పగలం. ఈ కొలతలు మాకు తెలిసిన ఏ జాతికీ సరిపోలేదు. కొత్త పొట్టి జాతి దొరికిందని మురిసిపోయాను. నా పరిశోధనకి గైడ్ అయిన మేడం ఫొటో చూసి ఫోన్‌లో తేల్చేసింది. "ఎముక చివర్లు నడిమి భాగానికి ఇంకా అతుక్కోలేదు, పెరిగే వయసు. అది పొట్టి జాతి కాదు, దూడ."

"ఏందమ్మా అది?" అని పక్క సీట్లో ఆవిడ అడిగింది.

"వేల ఏళ్ల కిందటి దూడ కాలెముక. పెద్దదానిదైతే పనికొచ్చేది."

ఆమె రెండు చేతులూ చాపింది. ఎందుకో ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని, బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మా పిల్లోడూ ఎదక్కుండానే పోయాడమ్మా. పోయినేడు, జొరమొచ్చి."

'పనికొచ్చేది' అన్న మాటని ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియలేదు.

గురజాల దగ్గరపడుతుండగా అడిగింది. "దీని తల్లిది దొరికిందా?"

"లేదక్కా. చుట్టుపక్కలంతా వెతికాం. ఇదొక్కటే."

"అయితే ఇది పోయినాక కూడా తల్లి బతికే ఉండిద్ది," అంది. ఎముకని మెల్లగా నా ఒళ్లో పెట్టి, దిగడానికి లేచింది. "పాపం."