వట్టివేరు పోగు, తిరిగొచ్చిన చేప

రాసుకో చిన్నీ. ముందు ఆ పోగు సంగతి రాయి. ఇందాక నువ్వు పాత కంప్యూటరు మూత విప్పి, ఫ్యానులో ఇరుక్కున్న నారపోగు తీసి "ఇదేంటి అమ్మమ్మా, ఎలక గూడా?" అన్నావు చూడు, అది వట్టివేరు. నీటిచుక్క వేసి వేళ్ల మధ్య నలిపితే, ఇన్నేళ్ల తరవాత కూడా సన్నగా వాసన వచ్చింది. ఆ వాసనతో ఏలూరు పవరుపేట స్టేషను దగ్గరి సందు, అందులో రెండు గదుల మా డీటీపీ సెంటరు, ఆ సెంటరు నడిపిన మార్తమ్మ టీచరుగారు, అందరూ వచ్చి నా పక్కన కూర్చున్నట్టయింది.

టీచరుగారు మిషను స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయిన మనిషి. ఊరికే కూర్చోవడం చేతకాక సెంటరు పెట్టారు. గంజి పెట్టిన నేతచీర, ముడిలో పువ్వు ఉండాల్సిన చోట చిన్న స్క్రూడ్రైవరు. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు బండిలో వెళ్లి పెళ్లికార్డులు, కరపత్రాలు కంపోజు చేసేదాన్ని. బజారులో మాకు కిరాణా కొట్టుంది కదా, కోడలు కొట్టు వదిలి వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లడం మా ఇంట్లో అదే మొదలు. మా అత్తగారు కోపిష్టి కాదు గానీ లెక్కగల మనిషి. "ఈ ఎండాకాలం చూద్దావమ్మా. ఆ సెంటరు నిలబడితే వెళ్దువుగాని. మూసేస్తే మాత్రం ఇంక మాటల్లేవు, కొట్లో కూర్చోవాలి" అన్నారు. ఆవిడ అనడానికి కారణం ఉంది. పక్క వీధిలో కొత్త సెంటరు వచ్చింది. అన్నీ కొత్త కంప్యూటర్లే. మాదేమో టీచరుగారు బెజవాడలో ఎవరో వాడి వదిలేస్తే తెచ్చిన పాతది.

దానికి ఆవిడ ఒక అప్‌గ్రేడ్ కార్డు తెప్పించి వేశారు. ఆ కార్డు మీద ఇంకా చురుకైన ప్రాసెసరు ఉంటుంది. స్లాటులో గుచ్చితే పాత ప్రాసెసరు పక్కకి తప్పుకుని పెత్తనం దీనికి అప్పజెబుతుంది, అత్తగారు కోడలికి తాళాలిచ్చినట్టు. కార్డు మీద జంపర్లని గోరంత ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని ఒక జత సూదుల మీంచి తీసి ఇంకో జత మీద పెడితే వేగం పెరుగుతుంది. దీన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని ఇప్పుడు నువ్వంటున్నావు. టీచరుగారు మాత్రం "తోలడం" అనేవారు. "ఇవాళ కాస్త తోలి చూద్దావా వరలక్ష్మీ?" అని స్క్రూడ్రైవరు తీశారంటే మిషను మూత లేచినట్టే.

తోలిన ప్రతిసారీ ఒక పరీక్ష ఉండేది. మండవల్లిలో చేపల మేత అమ్మే వెంకన్నగారని మా ఖాతాదారు ఒకాయన ఉండేవారు. ఆయన పోస్టరు కోసం పెద్ద బొచ్చె చేప ఫొటో ఎక్కించాం. మా దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా బరువైన బొమ్మ అదే. దాన్ని తెరమీద కొంచెం కొంచెంగా గుండ్రంగా తిప్పించేవారు. తోక బయల్దేరిన చోటికే తిరిగి వచ్చి, పొలుసులు చెదరకుండా ఉంటే ఆ వేగం మిషనుకి పట్టినట్టు. మధ్యలో ఆగితే పట్టనట్టు. చేప తిరుగుతున్నంతసేపూ టీచరుగారు చేతివేళ్ల వెనకవైపు కార్డుకి దగ్గరగా పెట్టి వేడి చూసేవారు. పసిపిల్లకి జ్వరం చూసినట్టే ఉండేది.

మే నెల వచ్చింది. ముహూర్తాలన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి. టీచరుగారు జంపరు ఇంకో మెట్టు ఎక్కించారు. చేప సగం తిరిగి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మామూలుగా అయితే ఆవిడ వెనక్కి దించేవారే. కానీ పనులు కుప్పపడి ఉన్నాయి. "వేడి తగ్గిస్తే లాగేస్తుందే" అని కిటికీకి వట్టివేళ్ల తడక కట్టించి, నీళ్లతో తడిపి, దాని ముందు బల్లఫ్యాను పెట్టి, ఆ గాలి తిన్నగా మిషను పొట్టలోకి కొట్టేట్టు తిప్పారు. గదంతా గుమ్మని వాసనేసి చల్లబడింది. చేప చక్కగా ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఆ సంబరంలో ఇద్దరం తాటిముంజలు తిన్నాం.

భోజనాలయ్యి కూర్చునేసరికి తెర నల్లగా ఉంది. స్విచ్చి నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"కాలిన వాసనొస్తోందాండీ?" అన్నాను.

"రావట్లేదు. తడి వాసనొస్తోంది" అన్నారు. కళ్లజోడు పెట్టుకుని లోపలికి చూస్తే కార్డు మీద సన్నటి నీటి తుంపర. తడక మీది తడిని ఫ్యాను తీసుకెళ్లి మిషనుకి పోసింది. "సైన్సు టీచర్నే నేను! తడి ఎక్కడికి పోతుందో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పుంటాను!" అని నుదురు కొట్టుకున్నారు.

కార్డు ఊడదీసి, పాత నూలుచీర ముక్కతో అద్ది, స్లాటులో దిగే దాని ఇత్తడిరంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, నీడపట్టున ఆరబెట్టారు. నాకు మా కొట్టు గల్లాపెట్టె కళ్లముందు కదిలింది. ఇంక రైలూ లేదు, ఏలూరూ లేదు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే వెంకన్నగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏవండీ టీచరుగారూ, మా చేప ఎక్కడిదాకా ఈదిందండీ?"

"ఒడ్డున పడిందండీ. సాయంత్రం రండి, మళ్లీ నీళ్లలో వేస్తాం."

"మళ్లీ నీళ్లెందుకులెండి టీచరుగారూ!" అన్నాను నేను ఏడుపుగొంతుతో. ముగ్గురం నవ్వేశాం. నవ్వుతుంటే నా కళ్లవెంట నీళ్లు కారాయి.

పొద్దు వాలాక కార్డు మళ్లీ గుచ్చారు. ఈసారి జంపరు ఒక మెట్టు కిందకి దించారు. తడక విప్పి బయట పడేశారు. స్విచ్చి నొక్కగానే మిషను, లేచేటప్పుడు ఎప్పుడూ మోగినట్టే, గుడిగంట లాగా ఖంగుమంది. చేప నింపాదిగా తిరిగి తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చింది. అప్పుడు టీచరుగారు కార్డు దగ్గర్నుంచి చెయ్యి తీసి, అదే చేతివెనక నా నుదుటికి ఆనించారు.

"నువ్వూ కాలిపోతున్నావే! తెల్లారకుండా వంట, ఆపైన రైలు, ఇక్కడ పని, మళ్లీ రైలు, మళ్లీ వంట. దీన్ని నేను ఒక మెట్టు దించాను. నిన్నెవరు దించుతారు? రేపట్నుంచి తరవాతి బండికి రా."

"మరి పనులండీ?"

"ఎన్ని చెయ్యగలమో అన్నే ఒప్పుకుందాం."

అలాగే చేశాం. కొన్ని కార్డులు పక్క వీధికి పోయాయి, పోనిచ్చారు. ఒప్పుకున్నవి చెప్పిన రోజుకి ఇచ్చాం. వానలు పడేసరికి సెంటరూ ఉంది, మిషనూ ఉంది. మా అత్తగారు ఇంక కొట్టు ఊసెత్తలేదు. ఓ రాత్రి అన్నం వడ్డిస్తూ "రేపు ఏ బండికమ్మా?" అన్నారు. నా గుండెల మీంచి బస్తా దించినట్టయింది. ఆ తరవాత చాలా ఏళ్లు నడిచింది సెంటరు. మూసేటప్పుడు టీచరుగారు ఈ మిషను నాకిచ్చారు.

ఇవాళ నువ్వు చిన్న చిన్న భాగాలు మార్చి దీన్ని లేపావు. ఉండబట్టలేక జంపరు చివరి మెట్టుకి ఎక్కించి, ఇంకా అందులోనే ఉన్న ఆ చేపని తిప్పావు. చేప సగంలో ఆగిపోయింది. నువ్వే ఒక మెట్టు దించి, "తిరిగొచ్చింది అమ్మమ్మా!" అని అరిచావు. ఆ అరుపులో నాకు టీచరుగారు వినిపించారు. ఆవిడ పోయారు గానీ ఆ చెయ్యి నాకొచ్చింది. కుక్కరైనా, మోటారైనా, ఫోనులో మీ అమ్మ గొంతైనా, ఏది మరీ జోరుగా పోతున్నా ముందు వేడి చూడబుద్ధవుతుంది.

ఇంక చాల్లే, రాయడం ఆపు. పొద్దున కాలేజీ, వచ్చినకాడ్నుంచీ ఈ మిషను, ఇప్పుడు నా కబుర్లు. ఏదీ, నుదురు ఇలా చూపించు.